తాగని చాయ

భివండి,
6-11-1978

ఒరే సారంగం,

బాగున్నావనే అనుకుంటున్నాను. అనుకోవడమే తప్ప నువ్వు రాసి చచ్చేది లేదు కదా! నీ ఉత్తరంలో వానల సంగతి ఉంటుంది, మగ్గం సంగతి ఉంటుంది, కొత్తవాడలో ఎవరి మేక ఈనిందో కూడా ఉంటుంది. నీ సంగతి మాత్రం ఉండదు.

చిన్నాయన కార్డు అందింది. పంతొమ్మిదో తేదీ ఆదివారం నిన్ను నర్సంపేట తీసుకుపోయి పిల్లను చూపిస్తాడట. పిల్ల పేరు వరలక్ష్మి, ఏడు చదివింది. తండ్రి కట్టయ్య ఒకప్పుడు మనలాగే మగ్గం నేసినవాడు, ఇప్పుడు కుట్టుమిషను పెట్టుకున్నాడు. పిల్ల కూడా కుడుతుందట. ఇంత మంచి మాట విని కూడా నాకు ఏడుపొచ్చింది. అమ్మ పోయిననాడు నీకు నాలుగేళ్లు, నాకు పదకొండు. బడిలోనూ కొట్టులోనూ దవాఖానలోనూ నీ మాటలన్నీ నేనే మాట్లాడాను. తీరా పెళ్లిచూపుల్లో నీ పక్కన కూర్చుందామంటే ఇంత దూరాన పడి ఉన్నాను. చిన్నాయన ఉన్నాడు గానీ ఆయనకు తన మాటలే సరిపోతాయి.

అందుకే చెప్తున్నాను, విను. తల ఎత్తి కూర్చో. పిల్లను పేరు అడుగు. తెలిసినా అడుగు. ఇంకొకటి, చాయ సంగతి మరిచిపోకు. మన ఇళ్లల్లో పద్ధతి నీకు తెలియనిది కాదు. పిల్ల తన చేత్తో తెచ్చి పెట్టిన చాయ పిల్లవాడు తాగితే సరేనన్నట్టు, ముట్టకుండా లేస్తే వద్దన్నట్టు. మొహం మీద కాదని చెప్పే బాధ లేకుండా పెద్దవాళ్లు పెట్టుకున్న ఏర్పాటు. నచ్చితే తాగు. నచ్చకపోతే వదిలేసి రా, నేనేమీ అనను.

అసలు మాట్లాడటానికి ఎందుకురా అంత సిగ్గు? నన్ను చూసి నేర్చుకో. బాస రాని ఊరికి వచ్చి రెండేళ్లయింది. మనవాళ్లుండే వాడ ఇక్కడికి రెండు మైళ్లు. మా ఇళ్ల వరసలో అంతా మరాఠీవాళ్లు, ఉత్తరాదివాళ్లు. అయినా నీళ్లు పట్టే నల్ల దగ్గర నేను పలకరించని మనిషి లేదు. మీ బావ పవర్‌లూమ్ చప్పుడుకన్నా నా గొంతే పెద్దదని నవ్వుతాడు.

ఏం జరిగిందో ఒక్క మాట కూడా వదలకుండా రాయి.

దీవిస్తూ,
అక్క అనసూర్య

*

కొత్తవాడ, వరంగల్లు,
21-11-1978

అక్కకు, బావకు దండాలు.

ఇక్కడ చలి మొదలైంది. మేము కొత్తగా పెద్ద జంపఖానా ఎత్తుకున్నాం. ఏదో పెళ్లిపందిరిలో పరవడానికట. వెడల్పు ఎక్కువ కాబట్టి మగ్గం మీద ఇద్దరం కూర్చోవాలి, నేనూ సమ్మయ్యా. అటు నుంచి అతను నూలు కండె ఉన్న నాడె విసిరితే ఇటు నేను అందుకోవాలి. సమ్మయ్య పొద్దటి నుంచి పొద్దుగూకేదాకా మాట్లాడుతూనే ఉంటాడు. నేను వింటూ ఉంటాను. మా ఇద్దరికీ బాగా కుదిరింది.

నర్సంపేట పోయి వచ్చాం. పోయేటప్పుడు బస్సు నిండా పత్తి మూటలే. కట్టయ్య మంచి మనిషి. చిన్నాయన గంటసేపు మాట్లాడాడు. పిల్ల పేరు నేను అడగలేదు, చిన్నాయనే అడిగాడు. చాయ ఇచ్చారు. నేను తాగలేదు. మిగతా సంగతులన్నీ చిన్నాయన రాస్తాడు.

వాళ్ల మిషను మీద సగం కుట్టిన ఆకుపచ్చ జాకెట్టు ఉంది. కుట్టు చాలా సన్నగా, ఎక్కడా వంకర లేకుండా ఉంది. మన కొత్తవాడలో అంత నీటుగా కుట్టేవాళ్లు లేరు.

చిన్నమ్మ నిన్ను అడిగినట్టు చెప్పమంది.

నీ తమ్ముడు,
సారంగపాణి

*

భివండి,
2-12-1978

సారంగం,

ఏం మనిషివిరా నువ్వు! పెళ్లిచూపులకు పోయి వచ్చి జాకెట్టు కుట్టు గురించి రాస్తావా? నీ ఉత్తరం, చిన్నాయన కార్డు ఒక్కరోజే వచ్చాయి. కట్టయ్య చిన్నాయనకు కబురు పంపాడట. "పిలగాడు చాయ ముట్టలే, మాకు సమజైంది, మనసుల ఏం పెట్టుకోకుండ్రి" అని. వాళ్లదెంత మర్యాద! నీదే లేదు.

నచ్చకపోతే నచ్చలేదని నాకు రాయొచ్చు కదా. నేనేమన్నా కొరుక్కుతింటానా? పిల్ల చామనఛాయ అని చిన్నాయన రాశాడు. అందుకేనా? మన ఇంట్లో అందరం ఏమన్నా పాలరాతి బొమ్మలమా? నోట్లో నాలుక లేనట్టు కూర్చోవడం ఇదివరకు సిగ్గనుకునేదాన్ని. పదో తరగతి పాసయ్యాక అది పొగరయిందేమో అనిపిస్తోంది. చిన్నాయన కూడా అదే మాట అన్నాడు. "మావోడు ఎవ్వలిని లెక్క చేస్తలేడు" అని.

సరే, అయిందేదో అయింది. పద్ధతిగా ఉండాలని కట్టయ్యకు నేనే ఉత్తరం రాశాను. మా తమ్ముడికి ఇష్టం లేదు, మీ అమ్మాయికి ఇంతకన్నా మంచి సంబంధం దొరకాలి, ఏమనుకోకండి అని. వర్ధన్నపేటలో ఇంకో పిల్ల ఉందట. మీ బావకు దూరపు చుట్టం. ఆ మాట నడిపిస్తాను. ఈసారి మాత్రం నచ్చినా నచ్చకపోయినా నోరు తెరిచి చెప్పి చావు.

కోపంగానే,
అక్క

*

కొత్తవాడ,
9-12-1978

అక్కా,

ఈసారి వానల సంగతి రాయను.

ఆ పిల్ల నాకు నచ్చింది.

ఈ మాట రాయడానికి పొద్దటి నుంచి కూర్చున్నాను. మగ్గం మీద సమ్మయ్య ఒక్కడే కూర్చుని నన్ను తిడుతున్నాడు. తిట్టనీ.

చాయ ఎందుకు తాగలేదో చెప్తాను. నవ్వకు. వాళ్లింట్లో గ్లాసులుంటాయని అనుకున్నాను. గ్లాసయితే రెండు చేతులతో గట్టిగా పట్టుకుంటే వణుకు కనబడదు. కట్టయ్య మా కోసమని కొత్త కప్పులు, సాసర్లు తెచ్చిపెట్టాడు. వరలక్ష్మి తెచ్చి నా ముందు స్టూలు మీద పెట్టింది. ఆమె చెయ్యి కొంచెం కూడా కదల్లేదు. నేను చెయ్యి చాపబోయాను. వేళ్లు వణుకుతున్నాయి. కప్పెత్తితే సాసర్ మీద గలగలమంటుంది, ఇంట్లో ఉన్న పదిమందీ ఇటు తిరుగుతారు. చెయ్యి వెనక్కు తీసుకున్నాను. ఎవరూ చూడనప్పుడు తాగుదామనుకున్నాను. ఎప్పుడూ ఎవరో ఒకరు చూస్తూనే ఉన్నారు. చాయ మీద మీగడ కట్టింది.

అప్పుడు దర్వాజ దగ్గర నుంచి ఆమె అడిగింది. "చక్కెర తక్కువైందా?" అని. నన్నే అడిగింది అక్కా, చిన్నాయనను కాదు. జవాబు గొంతుదాకా వచ్చింది, అక్కడే ఆగింది. నేను ఆ మీగడ వైపు చూస్తూ కూర్చున్నాను. చిన్నాయన "ఇగ పోదామా" అన్నాడు. లేచాను.

పద్ధతి నాకు తెలియక కాదు. నేను తాగకపోయినా చిన్నాయన ఏదో ఒకటి చెప్తాడనుకున్నాను. ఆయన చెప్పకపోతే నువ్వు రాస్తావనుకున్నాను. పుట్టినప్పటి నుంచీ అలాగే జరిగింది కదా.

నువ్వు పొగరంటున్నావు. చేనేత సొసైటీలో కూడా అంటారు. దండం పెట్టను, పలకరించను, తల దించుకుని పోతానని. ఎదురుగా మనిషి వస్తుంటే దండం పెట్టాలా, ముందు నేను పెట్టాలా, పెడితే ఆయన చూడకపోతే ఎట్లా అని ఆలోచించేలోపు ఆయన దాటిపోతాడు. తర్వాత రోజంతా అదే గుచ్చుకుంటుంది. నలుగురి కళ్లు నా మీద పడ్డాయంటే నేను కూడా వాళ్లలో చేరి నన్నే చూసుకుంటాను. నా చేతులు, నా కాళ్లు, నా గొంతు, అన్నీ తప్పుగానే కనబడతాయి. మగ్గం గుంటలో కూర్చున్నప్పుడు మాత్రం నాకు హాయి. నడుము దాకా లోపలే ఉంటాను కదా.

ఒక సంగతి గుర్తుందా? బడిలో మొదటిరోజు సారు "నీ పేరేందిరా" అని అడిగితే నువ్వు చెప్పావు. రెండోరోజు కూడా నువ్వే చెప్పావు. మూడోరోజు నుంచి సారు నన్ను అడగడం మానేసి నిన్నే అడిగాడు. తప్పు పట్టడం లేదు అక్కా. నువ్వు లేకపోతే నేను ఏమైపోయేవాణ్నో. కానీ నువ్వు భివండి పోయిననాడు నా నోరు కూడా నీ వెంటే పోయింది.

కట్టయ్యకు నువ్వే ఇంకో ఉత్తరం రాయి. మా తమ్ముడికి ఇష్టమేనని రాయి. నీకు పుణ్యముంటుంది.

సారంగపాణి

*

భివండి,
10-1-1979

తమ్మీ,

నెలరోజులు రాయలేదు. కోపం వచ్చి కొన్నాళ్లు రాయలేదు. కోపం పోయాక సిగ్గేసి రాయలేదు.

నా నోరు నీ వెంటే పోయిందని రాశావే, ఆ మాట చదివి రెండురోజులు అన్నం తినలేదు. తల్లిలా పెంచితే నా మీదే నేరం మోపుతాడా అని మీ బావ ముందు ఏడ్చాను. ఆయన అంతా విని, "ఆ పిలగాని కత అటుంచు. నువ్వు ఈడ నోరు తెరిచి ఎన్నేండ్లాయె?" అన్నాడు.

నీకు రాసినవన్నీ అబద్ధాలురా. నల్ల దగ్గర నేను ఎవరినీ పలకరించను. వచ్చిన మొదటి వారంలో ఒకావిడ ఈ బిందె నీదా అని అడిగింది. అవునని చెప్పడానికి మన వరంగల్లు ఉర్దూలో "హౌ" అన్నాను. అంతే, ఆడవాళ్లంతా పగలబడి నవ్వారు. నెలరోజుల దాకా నేను కనబడితే చాలు, "హౌ హౌ" అని పిల్లలు వెంటపడేవారు. ఆనాటి నుంచి నేను నోరు మూసుకున్నాను. కిరాణా మీ బావ తెస్తాడు, కిరసనాయిలు మీ బావ తెస్తాడు. ఎవరన్నా ఏదన్నా అడిగితే తల ఊపుతాను. మా వరస చివరి ఇంటామె నేను గూంగీననే అనుకుంది, అంటే మూగదాన్నని. వరంగల్లులో నా నోటికి జడిసి కూరగాయలవాళ్లు తూకం సరిగ్గా వేసేవాళ్లు, గుర్తుందా? నేనేరా ఆ మనిషిని!

నల్ల దగ్గర నా బిందెను వెనక్కు తోసేవాళ్లు. నేనూరుకునేదాన్ని. ఒక్కోరోజు ఖాళీ బిందెతో ఇంటికొచ్చి ఇవాళ నీళ్లు రాలేదని మీ బావతో చెప్పేదాన్ని. మొన్న సోమవారం మళ్లీ తోశారు. నేను నిలబడ్డాను, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నువ్వు రాసింది అప్పుడు గుర్తొచ్చింది. నేను కూడా వాళ్ల పక్కన చేరి నన్నే చూసుకుంటున్నాను! అయ్యో, వీడికి నాలుగేళ్లప్పటి నుంచీ ఇదే బాధ కదా, నేనేమో పొగరని రాశానే అనిపించింది. ఏడుపొచ్చింది. ఆ ఏడుపులోనే నోరు తెరిచాను. "కైకు హటాయే? మేరా నంబర్ హై!" అని, ఎందుకు తోశారు, వంతు నాదని అరిచాను. మెల్లగా అందామనుకున్నది అరుపై వచ్చింది. అందరూ తిరిగారు. ఒకతె నవ్వింది. నా చెవులు మండిపోయాయి. చివరింటామె మాత్రం "అరే, బోల్తీ హై!" అని, ఇది మాట్లాడుతుందే అన్నట్టు ముక్కు మీద వేలేసుకుని తన బిందె పక్కకు జరిపింది. నా చేతులు వణికి సగం నీళ్లు చీర మీదే ఒలికాయి. మిగతా సగం ఇంటికి తెచ్చాను. ఆరోజు ఆ నీళ్లతోనే వంట చేశాను.

ఇప్పుడు నీ సంగతి. చిన్నమ్మ కార్డు రాసింది. పుష్యమాసం పోగానే పరకాలవాళ్లు వరలక్ష్మిని చూడటానికి వస్తున్నారట. ఈసారి కుదిరేటట్టే ఉందట. వర్ధన్నపేట మాట నేను ఆపేశాను. కట్టయ్యకు ఉత్తరం రాయమన్నావు. రాయడానికి కాగితం తీశాను కూడా. రెండు వాక్యాలు రాసి చింపేశాను. రాయనురా. ఇది కోపంతో కాదు. మళ్లీ నేనే రాస్తే ఆ పిల్ల నన్ను చేసుకున్నట్టు అవుతుంది గానీ నిన్ను కాదు. చిన్నాయనను కూడా తీసుకుపోకు. సిగ్గు పోయాక వెళ్తానని కూర్చోకు, అది పోయేదాకా పరకాలవాళ్లు ఆగరు. సిగ్గుతోనే వెళ్లు. నేను చేసిన తప్పుకు నిన్ను పంపుతున్నానని నాకు తెలుసు. నన్ను తిట్టుకుంటూ అయినా వెళ్లు.

నీ అక్క,
అనసూర్య

*

కొత్తవాడ,
22-1-1979

అక్కా,

నిన్న ఆదివారం నర్సంపేట పోయాను. ఒక్కణ్నే పోయాను.

నీ ఉత్తరం వచ్చిన రోజు నాకు చాలా కోపమొచ్చింది. ఒక్క కార్డు ముక్క రాయడానికి ఇంత పాఠమా అనుకున్నాను. సమ్మయ్యకు చదివి వినిపించాను. అతను నాడె పక్కన పెట్టి చివరిదాకా విన్నాడు. విన్నాక, "నేను గూడ వస్తనుండె గని, నేనొస్తె నేనే మాట్లాడ్త" అన్నాడు.

బస్సు దిగాక కట్టయ్య ఇంటి ముందు నుంచి మూడుసార్లు అటూ ఇటూ నడిచాను. ఒకసారి బస్టాండు దాకా తిరిగి వచ్చేశాను కూడా. పరకాల బస్సు నిలబడి ఉంది. దాన్ని చూసి మళ్లీ వెనక్కు నడిచాను. నాలుగోసారి కట్టయ్యే మిషను ఆపి తలెత్తాడు.

"ఎవలు? మీ చిన్నాయినతోని వచ్చిన పిలగానివి గాదు? ఏంది బిడ్డా, గిట్లొచ్చినవ్?"

దారి పొడుగునా కూడబెట్టుకున్న మాటలన్నీ పోయాయి. ఒక్కటే మిగిలింది. "చాయ తాగుతందుకొచ్చిన" అన్నాను.

ఆయనకు అర్థమైంది. కోపంగానే ఉన్నాడు, ఉండడా మరి. "పుష్యమాసంల పిల్లను చూడ ఎవలన్న వస్తరా?" అన్నాడు.

"చూడ రాలే. చూసి రెండు నెలలాయె. ఆనాడు తాగకుండ పోయిన చాయ తాగి పోత" అన్నాను.

"మీ అక్క రాసిన కాయిదం నా తాన్నే ఉన్నది. మావోనికి ఇష్టం లేదని రాసె."

"మా అక్కకు నా మాట మాట్లాడుడు అలవాటు. నేను చెప్పక ఆమె గట్ల రాసింది. తప్పు నాది. ఇష్టమని నా నోటితోని చెప్తాన." చెప్తూ ఉంటే నా గొంతు పిల్లికూన గొంతులా అయింది. అయినా ఆగకుండా చివరిదాకా చెప్పాను. ఇంట్లోవాళ్లందరూ వచ్చి నిలబడ్డారు. పక్కింటివాళ్లు కూడా దర్వాజలో చేరారు. ఎనిమిది మంది ఉంటారు, లెక్కపెట్టాను.

వరలక్ష్మి చాయ తెచ్చింది. కప్పూ సాసరే! గ్లాసు అడుగుదామనుకున్నాను, అడగలేదు. కప్పు ఎత్తాను. గలగలమంది అక్కా. నేను అనుకున్నదానికన్నా ఎక్కువ చప్పుడు. చాయ తొణికి సాసర్‌లో పడింది, ధోతి మీద పడింది. ఎవరో చిన్నగా నవ్వారు. నా చెవులు కూడా మండాయి. కప్పులోది తాగాను, సాసర్‌లోది కూడా ఒంపుకుని తాగాను.

అప్పుడు వరలక్ష్మి వాళ్ల నాయన వైపు తిరిగి, "ఆనాడు గూడ ఆయన చేతులు గిట్లనే వణికినయ్. నేను చూసిన. నచ్చక గాదు నాయినా అంటె నువ్వు నమ్మకపోతివి" అంది. నేను తలెత్తి చూశాను. ఆమె చెయ్యి కదలకుండా ఉందని నీకు రాశాను కదా. ఇప్పుడు చూస్తే ఆమె కూడా వణుకు కనబడకుండా దర్వాజను గట్టిగా పట్టుకుని నిలబడింది! ఆనాడు చక్కెర సంగతి అడగడానికి కూడా ఆమెకు అంత కష్టమైందని నాకిప్పుడు తెలిసింది.

"మరి చక్కెర తక్కువైందా?" అని మళ్లీ అడిగింది.

ఈసారి జవాబు గొంతులో ఆగలేదు. "జర తక్కువైంది" అన్నాను. నిజంగానే తక్కువైంది. కట్టయ్య నవ్వాడు. నవ్వి, మళ్లీ మొహం గట్టిగా పెట్టుకుని, "పరకాలోల్లకు నేను కబురు చెప్త. మాఘంల మీ పెద్దోల్లను తోలుకొని రా. మీ అక్కను గూడ రమ్మను, ఆ కాయిదం ఆమె చేతులనే పెడ్త" అన్నాడు.

సిగ్గు పోలేదు అక్కా. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కండక్టరు ఎక్కడికని అడిగితే రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది, మొదటిసారి అతనికి వినబడలేదు. కానీ చెప్పాను. ఇవాళ పొద్దున సొసైటీ దగ్గర ఒకాయనకు ముందుగా నేనే దండం పెట్టాను. ఆయన చూడలేదు. పర్వాలేదనిపించింది.

నువ్వు రా. నిన్ను తిట్టుకున్న మాట నిజమే. ఇప్పుడు తిట్టుకోవడం లేదు.

నీ తమ్ముడు,
సారంగపాణి

*

భివండి,
29-1-1979

తమ్మీ,

కార్డులో చోటు తక్కువ, నాకేమో చెప్పాల్సింది బోలెడుంది. నీ ఉత్తరం మీ బావకు చదివి వినిపించాను, చివరింటామెకు కూడా నాకొచ్చిన ఉర్దూలో చెప్పాను. ఆవిడ నవ్వింది, ఈసారి నేను కూడా నవ్వాను. నిన్న కల్యాణ్ స్టేషనుకు పోయి టికెట్టు తీసుకున్నాను. మీ బావ పక్కనే ఉన్నాడు గానీ కిటికీ దగ్గర అడిగింది నేనే. శనివారం సికింద్రాబాదులో బండి మారి కాజీపేటలో దిగుతాను. స్టేషనుకు రా.

నర్సంపేటలో నా కాయిదం నా చేతిలో పెడతారంటే ఇప్పటి నుంచే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. నీ పక్కనే కూర్చుంటాను. అక్కడ చాయ నేను తాగుతాను, మాట నువ్వు మాట్లాడు.

అక్క